కళాశాల కంటే ముందు ఆసుపత్రిని చూడండి

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించే స్తోమత మాకు లేదు. తాను మాత్రం నర్సింగ్ చదువుతానని పట్టుబడుతోంది. రాత్రి డ్యూటీలు ఉంటాయని, రోగాలు అంటుకుంటాయని, రేపు సంబంధాలు కుదరవని బంధువులు భయపెడుతున్నారు. ఇంతలో బెంగళూరు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని ఒకాయన ఇంటికే వచ్చి ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కర్నూలు జిల్లా

జవాబు: అన్నిటికంటే ముందు ఒక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ మధ్యవర్తి చేతికి ఇవ్వకండి. ఒకసారి అవి చేయి దాటితే, కళాశాల నచ్చకపోయినా వెనక్కి రావడానికి మీకు దారి ఉండదు. సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలంటే మొత్తం నాలుగేళ్ల ఫీజు కట్టమన్నారని నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రులను నేను చూశాను. బెంగళూరులో మంచి కళాశాలలు లేవని నేను అనడం లేదు. కానీ మంచి కళాశాల విద్యార్థుల కోసం పత్తికొండ పల్లెల్లో ఇల్లిల్లూ తిరగదు.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన విషయం, నర్సింగ్ చదువుతానని అమ్మాయి తనంతట తానే అనడం. ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి నర్సింగ్ అనుకుని చేరిన పిల్లలు మొదటి ఏడాదిలోనే చదువు మీద మనసు విరిగిపోయి వార్డులో ముభావంగా నిలబడటం నాకు తెలుసు. నర్సింగ్‌ను వైద్యవిద్యకు ఒక మెట్టు కిందది అనుకోవడంలోనే పొరపాటు ఉంది. అది వేరే పని. డాక్టరు రౌండ్సుకు వచ్చి, రోగిని పరీక్షించి, మందులు రాసి వెళ్తారు. మిగిలిన గంటలన్నీ ఆ మంచం దగ్గర ఉండేది నర్సు. కాన్పు అయిన మొదటి రెండు గంటల్లో తల్లి నాడిని, రక్తపోటును, రక్తస్రావాన్ని మాటిమాటికీ చూస్తూ, గర్భసంచి గట్టిపడిందా లేదా అని చేత్తో తడిమి, తేడా కనిపించిన వెంటనే డాక్టరును పిలిచే మనిషి వల్ల ప్రాణం నిలుస్తుంది. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనను రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఆ పుండు చీము పట్టిందంటే, అసలు జబ్బు నయమైనా మనిషి దక్కకపోవచ్చు. ఈ పనుల వెనుక శరీర నిర్మాణం, మందుల శాస్త్రం, సూక్ష్మజీవుల శాస్త్రం అన్నీ ఉన్నాయి. వాటిని చదవకుండా ఎవరూ మంచి నర్సు కాలేరు.

ఇది మంచం పక్కన నేర్చుకునే విద్య కాబట్టి మీరు ముందు అడగవలసింది కళాశాల పేరు కాదు, ఆ విద్యార్థులు ఏ ఆసుపత్రిలో నేర్చుకుంటారన్నది. బీఎస్సీ నర్సింగ్ కళాశాలకు కనీసం నూరు పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, శిక్షణలో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతాయి. కాగితం మీద ఇవన్నీ ఉన్నట్టు చూపించి, వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉన్న చోట్లు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లలో ఆమె ఒక్క కాన్పును కూడా దగ్గరుండి చూడలేదు, రోగికి సొంతంగా కాథెటర్, అంటే మూత్రం గొట్టం, వేయలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే భయంతో తిరిగి వచ్చేసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ కళాశాల పేరు నేను ఇక్కడ రాయను గానీ, ఆ పిల్ల ముఖం మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఈ లెక్కన చూస్తే కర్నూలు జిల్లా పిల్లలకు ఉన్న సౌకర్యం తక్కువదేమీ కాదు. కర్నూలు సర్వజన ఆసుపత్రిని, అంటే మనమందరం పెద్దాసుపత్రి అని పిలుచుకునే చోటును, మీరు ఏదో ఒక సందర్భంలో చూసే ఉంటారు. కర్నూలు, నంద్యాల జిల్లాల నుంచే కాక అనంతపురం, కడప వైపు నుంచి, అటు తెలంగాణలోని గద్వాల నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు అక్కడికి వస్తారు. పాముకాటు, పురుగుమందు తాగినవారు, కష్టమైన కాన్పులు, వడదెబ్బ, కాలిన గాయాలు అన్నీ అక్కడ కనిపిస్తాయి. అలాంటి చోట వార్డులో నిలబడి నేర్చుకున్న పిల్లకు ఎక్కడికి వెళ్లినా చేయి వణకదు. అందుకే ప్రభుత్వ నర్సింగ్ కళాశాల సీటుకు మొదటి ప్రయత్నం చేయండి. అది దొరకకపోతే కన్వీనర్ కోటాలో, రోగుల తాకిడి నిజంగా ఉన్న ఆసుపత్రికి అనుబంధంగా నడిచే ప్రైవేటు కళాశాలను చూడండి. ప్రవేశాల పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ ఏడాది ఇచ్చే ప్రకటనను మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మవద్దు.

కోర్సుల విషయం క్లుప్తంగా చెబుతాను. బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా మూడేళ్లు, ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) రెండేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు కలిపి 45 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది. బైపీసీ చదివిన మీ అమ్మాయి బీఎస్సీకే వెళ్లాలని నా అభిప్రాయం. డబ్బు ఇబ్బంది వల్ల జీఎన్ఎం చేయవలసి వచ్చినా దారి మూసుకుపోదు, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. నీట్ కోసం పడిన శ్రమ కూడా వృథా కానక్కరలేదు. సైనిక దళాల కళాశాలల్లో యువతులకు ఇచ్చే బీఎస్సీ నర్సింగ్ సీట్లకు, పుదుచ్చేరిలోని కేంద్ర వైద్య సంస్థ జిప్మర్‌లో నర్సింగ్ సీట్లకు నీట్ స్కోరునే తీసుకుంటున్నారు. ఆ రెండింటి ప్రకటనలను తప్పక గమనించండి.

బంధువుల భయాల సంగతికి వస్తాను. రోగం అంటుకోవడమన్నది ఉత్త భయం కాదు, నిజమైన ప్రమాదమే. 2018లో కేరళలో నిఫా రోగికి సేవ చేసి, అదే జబ్బుతో ప్రాణం కోల్పోయిన నర్సు లినీ పుతుస్సేరిని దేశం ఇంకా మరిచిపోలేదు. అయితే ఈ ప్రమాదాన్ని తగ్గించే పద్ధతులు తెలిసినవే. ప్రతి రోగిని తాకే ముందు, తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవడం, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా నేరుగా సూదుల డబ్బాలో వేయడం, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోవడం అందులో ముఖ్యమైనవి. పొరపాటున సూది గుచ్చుకుంటే దాచిపెట్టకూడదు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిడతారని భయపడి సూది గుచ్చుకున్న సంగతి చెప్పని విద్యార్థినులు ఉంటారు. మీ అమ్మాయికి ఈ ఒక్క విషయం ఇప్పుడే చెప్పి ఉంచండి.

రాత్రి డ్యూటీలు ఉంటాయి, తప్పవు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది రాత్రి పని కాదు, ఒక్కరి మీదే పడే భారం. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇంటెన్సివ్ కేర్‌లో ఒకరికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం. వాస్తవం దీనికి చాలా దూరంగా ఉంటుంది. ఎంతటి నేర్పరి అయినా ఒక్కరే వార్డంతా చూస్తున్నప్పుడు పొరపాటు జరిగే అవకాశం పెరుగుతుంది, ఆ నింద మాత్రం ఆమె మీదే పడుతుంది. జీతాల పరిస్థితీ అంతే. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. చిన్న పట్టణాల్లో ఈ సిఫారసు అమలు కావడం లేదు. ఇవి దాచి నర్సింగ్ గొప్పదని చెప్పడం మీకు అన్యాయం చేయడమే అవుతుంది. మరోవైపు ఎయిమ్స్ సంస్థల్లో నర్సుల నియామకానికి ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ పరీక్షలో ఎంపికైన నర్సింగ్ ఆఫీసరుకు మూలవేతనమే 44,900 రూపాయలు. విదేశాల దారి కూడా ఉంది గానీ దాని గురించి ఇప్పుడే ఆలోచించకండి. వార్డు అనుభవం, భాషా పరీక్ష రెండూ లేకుండా అది తెరుచుకోదు.

పెళ్లి గురించి నా మాట సూటిగానే చెబుతాను. బంధువులు ఎవరూ, తమ ఇంట్లో మనిషి ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, నర్సు రావద్దని అనరు. ఆ పనిని గౌరవించలేని ఇంటికి మీ అమ్మాయిని ఇవ్వకపోవడమే మేలు.

ఆసుపత్రి బయట ఉన్న పని గురించి కూడా మీకు తెలియాలి, ఎందుకంటే మన ప్రాంతానికి దాని అవసరం చాలా ఉంది. కోసిగి, ఆదోని, ఆలూరు వైపు నుంచి మిరపకాయల కోతలకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వలస పోవడం మీరు చూస్తూనే ఉన్నారు. ఆ బండ్లలో సగం టీకాలు పడిన చంటిపిల్లలు ఉంటారు, ఆరు నెలల క్షయ మందుల మధ్యలో ఉన్న మనుషులు ఉంటారు. మందు మధ్యలో ఆగితే జబ్బు మొండికేసి ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. వెళ్లేముందే వారి జాబితా రాసుకుని, మందులు, టీకా కార్డు చేతికిచ్చి, వెళ్లిన చోటి ఆరోగ్య కేంద్రానికి కబురు చేసే నర్సు ఆ మనిషిని కాపాడుతుంది. గర్భిణులకు 180 రోజులు ఇచ్చే ఐరన్ మాత్రల సంగతీ అలాంటిదే. మాత్రలు ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. వికారం వస్తోందని, మలం నల్లగా వస్తోందని భయపడి చాలామంది మానేస్తారు. మలం నల్లబడటం మామూలేనని, టీతో కలిపి వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకుంటే మేలని ఇంటి గడపలో కూర్చుని మన యాసలో చెప్పగలిగిన మనిషి కావాలి. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల ఉద్యోగాలకు బీఎస్సీ నర్సింగ్ చదివినవారినే తీసుకుంటున్నారు. పల్లెలో పుట్టిన మీ అమ్మాయికి అక్కడ ఉన్న బలం పట్నం పిల్లకు ఉండదు.

ఈ వారంలో చేయవలసింది చెబుతాను. అమ్మాయిని తీసుకుని ఉదయమే పెద్దాసుపత్రి ఓపీకి వెళ్లి, సగం పూట అక్కడే కూర్చోండి. రక్తం, వాంతి, ఏడుపు అన్నీ చూసిన తర్వాత కూడా తన మాట మారలేదంటే మీరు ఇక సందేహించనక్కరలేదు. తర్వాత మీరు అనుకుంటున్న ప్రతి కళాశాలకూ స్వయంగా వెళ్లండి. ఆఫీసులో కాకుండా బయట నాలుగో ఏడాది విద్యార్థినులను కలిసి, ఎన్ని కాన్పులు చూశారో, వారంలో ఎన్ని రోజులు వార్డుకు తీసుకెళ్తారో, అక్కడ నేర్పించే టీచరు పక్కన ఉంటారో లేదో అడగండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఈ ఏడాదికి ఉన్నాయో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే సరిచూసుకోండి. బెంగళూరు కళాశాలనే ఎంచుకుంటే, చదువు అయ్యాక మన రాష్ట్రంలో ఉద్యోగానికి ఇక్కడి కౌన్సిల్‌లో నమోదు కావలసి ఉంటుందని గుర్తుంచుకోండి. ఫీజు మొత్తం ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు, చదువు తర్వాత అక్కడే కొంతకాలం పనిచేయాలనే బాండు ఏమైనా ఉందా అన్నవి కాగితం మీద రాయించుకోండి. అప్పటివరకు ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఇంట్లోనే ఉండాలి.