ముందు వాలు ఎంతో రాయి, తర్వాత వర్ణించు

చిరంజీవికి,

గ్రహాల మీది కొండల గురించి నువ్వు పంపిన వ్యాసం అందింది. మూడో పేజీ దాకా ఇబ్బంది లేకుండానే చదివాను. "అంగారకుడి కొండవాలుల మీద నేటికీ నీళ్లు కన్నీళ్లలా కారుతున్నాయి" అన్న వాక్యం దగ్గర మాత్రం ఒళ్లు మండింది. లేచి టీ పెట్టుకుని వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అంగారకుడి కొండవాలుల మీద కనిపించే ఆ నల్లటి చారల కథను నువ్వు 2015 దగ్గరే ఆపేశావు. వెచ్చటి నెలల్లో పొడవు పెరిగి, చలికి మాసిపోతున్నాయి కాబట్టి అవి ఉప్పునీటి జాడలై ఉంటాయని ఆ సెప్టెంబరులో నాసా చెప్పింది, పేపర్లు పండగ చేసుకున్నాయి. సరే. 2017 నవంబరులో అమెరికా శాస్త్రవేత్త కొలిన్ డుండాస్ బృందం ప్రచురించిన పని గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదేం? అంగారకుడి చుట్టూ తిరిగే నాసా వ్యోమనౌక మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్‌లోని హైరైజ్ కెమెరా ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసిన చిత్రాలతో వాళ్లు ఎత్తుపల్లాల మ్యాపులు తయారుచేశారు. ఒక్కో చార ఏ వాలు మీద మొదలై ఏ వాలు దగ్గర ఆగుతోందో కొలిచారు. 10 చోట్ల, 151 చారలు. దాదాపు అన్నీ 27 డిగ్రీలకు మించిన వాలుల మీదే ఉన్నాయి. ఆగడం కూడా పొడి ఇసుక జారి జారి నిలిచిపోయే వాలు దగ్గరే ఆగుతున్నాయి. నీళ్లే అయితే అంతకంటే తక్కువ వాలు మీదికి కూడా పాకాలి కదా! చారలు రుతువుల్ని బట్టి ఎందుకు మారుతున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు, వాదనలూ ఆగలేదు. కానీ నీ కన్నీళ్లకు మాత్రం అక్కడితో చోటు పోయింది.

గ్రహాల గురించి రాస్తానని వచ్చే ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఇదే, విసుక్కున్నా సరే: వాలు ఎన్ని డిగ్రీలో, ఎత్తు ఎంతో తెలియకుండా కొండను వర్ణించకు. అంగారకుడి మీది అగ్నిపర్వతం ఒలింపస్ మాన్స్ సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు అని అందరూ రాస్తారు. అడుగున 600 కిలోమీటర్ల వెడల్పు, వాలు సగటున 5 డిగ్రీలు అని రాసేవాళ్లు ఎంతమంది? ఆ రెండో సంగతి చెప్పకపోతే పాఠకుడి మనసులో పడే కొండ వేరు, అక్కడున్న కొండ వేరు.

ఇక ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసి ఎత్తు తేల్చే పద్ధతి, స్టీరియో. నీ "స్టీరియో అంటే మన రెండు కళ్లలాంటిదే" సంగతి చూద్దాం. అందరూ ఇదే రాసి చేతులు దులుపుకుంటారు. కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లు. చంద్రుడి చుట్టూ తిరిగిన చంద్రయాన్-1లోని టెరైన్ మ్యాపింగ్ కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక చూపు 25 డిగ్రీలు ముందుకు, ఒకటి నేరుగా కిందికి, ఒకటి 25 డిగ్రీలు వెనక్కి చూసేది. ఒకే గుంటను ముందు చూపుతో పట్టుకున్న చోటుకీ, వెనక చూపుతో పట్టుకున్న చోటుకీ మధ్య 90 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఇంటర్‌లో చదివిన టాన్‌తో నువ్వే లెక్క వేసుకో. ఆ దూరం దాటడానికి దానికి నిమిషం చాలు, కాబట్టి ఎండ మారదు. హైరైజ్‌కి ఆ సుఖం లేదు. వ్యోమనౌక ఇంకో కక్ష్యలో అటుగా వచ్చినప్పుడు పక్కకు ఒరిగి రెండో చిత్రం తీయాలి. ఈలోగా నీడలు జరుగుతాయి, దుమ్ము లేస్తుంది. మొదటి చిత్రంలోని రాయి రెండో చిత్రంలో ఎక్కడుందో కంప్యూటర్ వెతుక్కోవాలి. నున్నటి దుమ్ము నేల మీద దానికి ఆనవాలు దొరక్క లేని గుట్టలను పుట్టిస్తుంది. మనిషి కూర్చుని వాటిని సరిచేయాలి. రెండు చిత్రాల్లో నీడలు కలవడం లేదని నువ్వు గమనించావు చూడు, అది బాగుంది. గమనించి ఊరుకున్నావు! వ్యాసం అక్కడ మొదలుకావాలి.

ఎనభైల్లో నాకు ఇవన్నీ చెప్పే దిక్కు లేదు. బాలానగర్‌లో రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీలో పనిచేసే మిత్రుడిని బతిమాలి, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించే స్టీరియోస్కోప్ కింద విమానం నుంచి తీసిన ఫొటోల జత చూశాను. గుట్టలు పైకి పొడుచుకొచ్చాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వాడు కుడి ఫొటో ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు. గుట్టలన్నీ గోతులయ్యాయి! "చూసింది చాలు, ఇప్పుడు కొలువు" అని, రెండు ఫొటోల మధ్య తేడా కొలిచి ఎత్తు తేల్చే పారలాక్స్ బార్ చేతికిచ్చాడు. సాయంత్రం దాకా కుస్తీ పడితే ఒక్క గుట్ట ఎత్తు తేలింది. నా చాదస్తం అక్కడ మొదలైంది.

ఎడిటర్లకు ఈ చాదస్తం గిట్టదు. 2004లో యూరప్ వాళ్ల అంగారక వ్యోమనౌక మార్స్ ఎక్స్‌ప్రెస్ చిత్రాలు వస్తున్న రోజుల్లో ఎరుపు, నీలం కలిసిన త్రీడీ బొమ్మ ఒకటి వ్యాసంతో పంపాను. ఆ వారపత్రికలో రంగు పేజీ ఏదో చీరల ప్రకటనకు పోయింది. బొమ్మను బ్లాక్ అండ్ వైట్‌లో వేసి, కింద "రంగు కళ్లజోడు పెట్టుకుని చూడండి" అని అచ్చేశారు. ఫోన్ చేస్తే "ఎవరు చూస్తారండీ" అన్నాడు ఎడిటర్. ఇప్పటి వెబ్ పత్రికలు అంతకంటే మెరుగేమీ కాదు. బొమ్మ పెద్దది కావాలి, బొమ్మ కింద వివరం చిన్నది కావాలి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నన్నడక్కు, నాకున్న స్నేహాలన్నీ ఇలాగే చెడిపోయాయి.

నువ్వు జతచేసిన శుక్రుడి బొమ్మ, ఆ "ఆకాశాన్ని చీల్చే" అగ్నిపర్వతం మాట్ మాన్స్, నాసా వ్యోమనౌక మాజెల్లాన్ రాడార్ సమాచారంతో చేసింది. అందులో ఎత్తులు స్టీరియోవి కావు, రేడియో తరంగం నేలకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు కొలిచే రాడార్ ఆల్టీమీటర్‌వి. పైగా నిలువును 22.5 రెట్లు సాగదీశారు. ఆ అంకె బొమ్మ కిందే, బొమ్మతో పాటే అచ్చవ్వాలని ఎడిటర్‌కి చెప్పు. ఒప్పుకోకపోతే బొమ్మ తీసేసి వ్యాసం ఒక్కటే ఇవ్వు.

ఆశీస్సులతో.