గోడ మీది తాళం పెట్టెలు

ఇంగ్లండ్‌లో పల్లెలే ఎక్కువగా ఉన్న పార్లమెంటు నియోజకవర్గంలో ఎలాంటి జనం ఉంటారు, మనవాళ్ళు కనిపిస్తారా అని అడిగారు. నేను ఉంటున్నది అలాంటి చోటే. తూర్పు తీరంలోని నార్త్ నార్ఫోక్. ఇంటింటికీ వెళ్ళి వృద్ధులకు స్నానం చేయించడం, మాత్రలు అందించడం, తిండి పెట్టడం నా ఉద్యోగం. ఇక్కడి జనాభా గురించి నాకు తెలిసినంత ఇక్కడి కౌన్సిలర్లకు కూడా తెలియదని నా గట్టి నమ్మకం.

ముందు అంకెలు చెప్పేస్తాను. 2021 జనగణన ప్రకారం నార్త్ నార్ఫోక్ జిల్లాలో ఉన్నది దాదాపు 1,03,000 మంది. అంతకు ముందు పదేళ్ళలో పెరిగింది నూటికి రెండు కూడా కాదు. జనం మధ్యస్థ వయసు 54, అంటే సగం మంది అంతకన్నా పెద్దవాళ్ళే. ఇంగ్లండ్, వేల్స్ రెండింటిలోనూ ఇంత వయసు మళ్ళిన జిల్లా మరొకటి లేదు. లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో అదే వయసు 30. ఇక్కడ మూడో వంతు మంది 65 దాటినవారు. నూటికి దాదాపు 98 మంది తెల్లవారు. నియోజకవర్గం హద్దులు ఇంచుమించు జిల్లా హద్దులే, ఫేకెన్‌హమ్ వైపు మాత్రం వేరే నియోజకవర్గంలో ఉంది. క్రోమర్, షెరింగమ్, హోల్ట్, నార్త్ వాల్షమ్ లాంటివన్నీ చిన్న పట్టణాలు. మిగిలినదంతా చక్కెర దుంప, బార్లీ పొలాలు, చెకుముకి రాళ్ళ గోడలతో ఇళ్ళు. ఇన్ని పొలాలున్నా సేద్యం మీద బతికేవారు కొద్దిమందే. యంత్రాలు చేసేస్తాయి.

నియోజకవర్గం అనగానే మనవైపు కొలతలు ఊహించుకోకండి. 2023లో ఖరారైన హద్దుల లెక్కలో, కొన్ని దీవులను మినహాయిస్తే, ఒక్కో స్థానానికి ఓటర్లు 69,724కు తగ్గకూడదు, 77,062కు మించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో అసెంబ్లీ స్థానానికే సగటున రెండు లక్షల పైచిలుకు ఓటర్లు. మన ఎమ్మెల్యేకున్న ఓటర్లలో మూడో వంతు ఇక్కడి ఎంపీకి ఉంటారన్నమాట. అందుకేనేమో, ఎంపీని సంతలో చూశామని ఇక్కడివాళ్ళు ఏ విశేషమూ లేనట్టు చెబుతారు.

కుర్రవాళ్ళు పట్నాలకు వెళ్ళిపోతే ముసలివాళ్ళు మిగిలారని అందరూ అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం, ముసలివాళ్ళే బయటి నుంచి వచ్చి చేరడం. లండన్‌లోనో మరో పెద్ద ఊళ్ళోనో ఇల్లు అమ్మేసి, అరవై ఏళ్ళకు సముద్రం పక్కన చిన్న ఇల్లు కొనుక్కుంటారు. అప్పటికి ఇద్దరూ గట్టిగానే ఉంటారు, కుక్కను వెంటబెట్టుకుని మైళ్ళు నడుస్తారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఆయన పోతాడు, ఆవిడకు చూపు తగ్గి కారు నడపడం మానేస్తుంది, పిల్లలు ఎక్కడో నాలుగు గంటల దూరంలో ఉంటారు. పుట్టేవారికన్నా పోయేవారు ఎక్కువైనా జనాభా తగ్గకపోవడానికి కారణం ఈ వలసే. పెద్ద ఆసుపత్రి నార్విచ్‌లో ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర ప్రభుత్వ వైద్యం కింద పేరు నమోదు చేసుకోవడం ఈ జిల్లాలో దేవుడి దర్శనం కన్నా కష్టం. నా పన్ను నొప్పి కథ మొదలుపెడితే ఈ జవాబు పూర్తి కాదు.

నా దృష్టిలో ఇక్కడి అసలు జనగణన గుమ్మాల పక్కన గోడలకు బిగించిన తాళం పెట్టెల్లో ఉంది. అరచేయంత ఇనుప పెట్టె, నాలుగు అంకెలు నొక్కితే మూత ఊడి తాళంచెవి బయటపడుతుంది. ఒక ఇంటికి ఆ పెట్టె ఉందంటే రెండే కారణాలు. లోపల మంచం దిగలేని మనిషి ఉండాలి, లేదా ఆ ఇల్లు వారాంతపు అతిథులకు అద్దెకిచ్చేదై ఉండాలి. బ్లేక్నీ, వెల్స్ వంటి తీరపు ఊళ్ళలో చలికాలం సాయంత్రం కారులో వెళితే వరసగా చీకటి కిటికీలే. అన్నీ వేరే ఊళ్ళవాళ్ళు సెలవులకు వచ్చిపోయే రెండో ఇళ్ళు. రెండో ఇళ్ళ మీద రెట్టింపు పన్ను వేసుకునే అధికారం 2025 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ళకు వచ్చింది. నా ఉద్దేశంలో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. అలాంటి ఇల్లు కొనగలిగినవాడు పన్ను కట్టలేడా? ఇబ్బందంతా ఆ ఊళ్ళో పుట్టి, అక్కడి హోటల్లో గిన్నెలు కడిగే పిల్లకు. ఆమె అక్కడ గది అద్దెకు తీసుకోలేదు. నాతో పనిచేసే ఇక్కడి అమ్మాయి ముప్పై దాటినా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటోంది.

2024 జూలై 4న జరిగిన పార్లమెంటు ఎన్నికల సంగతి చెబుతాను, ఇక్కడి జనం అర్థమవుతారు. నేను చూసుకునే ఒక పెద్దాయనకు తొంభై దగ్గర పడింది. జీవితమంతా పొలాల్లో ట్రాక్టరు నడిపిన మనిషి. పోస్టులో ఓటు పంపమంటే ససేమిరా అన్నాడు, వెళ్ళే వేస్తానన్నాడు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. పాస్‌పోర్టు ఆయన జన్మలో తీసుకోలేదు, డ్రైవింగ్ లైసెన్సు ఎప్పుడో తిరిగి ఇచ్చేశాడు. సొరుగులన్నీ వెతికితే వృద్ధులకు ఉచితంగా ఇచ్చే బస్సు పాసు దొరికింది, గడువు ఇంకా ఉంది. అది చెల్లుతుంది. తమాషా ఏమిటంటే ఆ ఊరికి చెప్పుకోదగ్గ బస్సే లేదు. కార్డును చొక్కా చేతికి తుడుచుకుంటూ, “దీంతో ఎక్కడికీ పోలేదు, పార్లమెంటుకైనా పనికొచ్చింది” అన్నాడు.

చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఊరి హాలుకు తీసుకెళ్ళాను. క్యూ లేదు, పోలీసు లేడు, జెండా లేదు. బల్ల వెనక కూర్చున్న ఇద్దరూ కూడా డెబ్బై దాటినవాళ్ళే. వేలికి సిరా పెట్టరు. దారం కట్టిన పెన్సిలుతో కాగితం మీద ఇంటూ గుర్తు గీయడమే. ఓటింగ్ యంత్రాల మీద మనం ఇన్ని వాదనలు చేసుకుంటాం, ఇక్కడ పెన్సిలు గీతను ఎవరూ అనుమానించరు. తిరిగి వస్తూ నేను పొద్దున్నే నార్త్ వాల్షమ్‌లో ఓటు వేసి వచ్చానని చెప్పాను. “నీకు ఓటెక్కడిది?” అన్నాడు. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న, భారత్ లాంటి కామన్వెల్త్ దేశాలవారికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుందని చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే నా ఓటును నీ ఓటు రద్దు చేసినట్టేనా?” అని నవ్వాడు. ఎవరికి వేశావని మాత్రం అడగలేదు, నేనూ అడగలేదు. 2001 నుంచి 2019 వరకు లిబరల్ డెమొక్రాట్ల చేతిలో ఉండి కన్సర్వేటివ్‌లకు పోయిన స్థానం ఆ రోజు మళ్ళీ లిబరల్ డెమొక్రాట్లకే వచ్చింది.

ఇక మనవాళ్ళ సంగతి. 98 శాతం తెల్లవారన్న అంకె 2021 మార్చి నాటిది. వృద్ధులను, రోగులను చూసుకునే కేర్ వర్కర్లకు వీసా దారి తెరిచింది 2022 ఫిబ్రవరిలో. అంటే నాలాంటివాళ్ళు ఎవరూ ఆ లెక్కలో లేరు. ఉదయం ఏడు గంటలకు ఈ పల్లెదారుల్లో దుంపల ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్న చిన్న కార్లలోకి తొంగిచూడండి, మలయాళీలు, జింబాబ్వేవాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, అక్కడక్కడ మనవాళ్ళు. 2024 మార్చిలో కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకుండా ఆపారు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. వలసలు తగ్గాయని టీవీలో చెప్పుకుంటారు సరే, ఆ పెద్దాయనను పొద్దున్నే మంచం మీద నుంచి లేపేది ఎవరు? ఇక్కడి కుర్రవాళ్ళు ఈ జీతానికి రారు, వచ్చినా ఉండటానికి ఇల్లు దొరకదు. నేను ఇంతకు ముందు పనిచేసిన సంస్థ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్ళే సమయానికి జీతం ఇచ్చేది కాదు. ఇళ్ళు ఇంత దూరం దూరంగా ఉన్నచోట రోజులో ఎంత భాగం ఉచిత సేవ అవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మీరు ఇటు రావాలనే ఆలోచనతో అడిగి ఉంటే, నర్సులకు దారి ఇంకా ఉంది, కేర్ వర్కర్లకు లేదు. ఉందని డబ్బు అడిగే ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. నన్ను పంపినవాడు ఈ ఊరు లండన్ పక్కనే అన్నాడు. క్రోమర్ నుంచి రైలెక్కి నార్విచ్‌లో మారితే, మారాక రెండు గంటలు పడుతుంది. కరివేపాకుకు కూడా నార్విచ్ వెళ్ళాల్సిందే. మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ ఏడాదే చెల్లుతుంది, ఆ తరువాత ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. దానికి తేదీ దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి దిగిన వారంలోనే దరఖాస్తు చేసుకోండి. బస్సును నమ్ముకుంటే ఇక్కడ ఉద్యోగం చేయలేరు.