ఒక్కొక్క డబ్బుకి ఒక్కొక్క గుణం

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయవాడ సింగ్‌నగర్ బడికి హెడ్మాస్టరువై ఆరు నెలలైనా కాలేదు, కంప్యూటర్ ల్యాబ్ తలకెత్తుకున్నావు. సంతోషం. ‘మొత్తం ఒకేచోట ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా మాస్టారూ’ అని అడిగావు. లేరమ్మా. వెతకడం మానెయ్. నలుగురి దగ్గర నాలుగు గుడ్డముక్కలు తెచ్చి బొంత కుట్టుకోవాల్సిందే.

ముందు గదికి ఏమేం కావాలో కాగితం మీద పెట్టు. కంప్యూటర్లు, బల్లలు అందరికీ గుర్తొస్తాయి. వైరింగు, ఎర్తింగు, కిటికీ గ్రిల్సు, నెట్ బిల్లు, కొన్నేళ్లకు మార్చాల్సిన యూపీఎస్ బ్యాటరీలు ఎవరికీ గుర్తురావు. దాతలు తమ పేరు కనపడే వస్తువే ఇస్తారు. ఎర్తింగు గుంత మీద ఎవరి పేరని రాస్తాం? నా హయాంలో ఒక కంపెనీవాళ్లు పది కంప్యూటర్లు ఇచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయారు. వైరింగుకి పైసా లేదు. నాలుగు నెలలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, ఈలోగా ఎలుకలు కేబుళ్లు కొరికి పెట్టాయి. అందుకే ఎవరూ ఇవ్వని ఖర్చుకి ముందు దారి చూసుకో, ఆ తర్వాతే కంప్యూటర్లు అడుగు.

బడి నడిపే ఖర్చులకు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. 251 నుంచి 1000 మంది దాకా ఉంటే 75,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. కరెంటు బిల్లు, నెట్ బిల్లు, పాడైన పరికరాల మార్పు అందులోనుంచి చెయ్యొచ్చు. దీన్ని కొత్త వస్తువుల మోజులో పారబొయ్యకు. అదే పథకంలో ఐసీటీ ల్యాబుకి, అంటే కంప్యూటర్ ల్యాబుకే, ఒకసారి 6.40 లక్షల దాకా, ఏటా 2.40 లక్షల దాకా అయిదేళ్లు ఇచ్చే పద్దు ఉంది. అయితే అది రాష్ట్రం పంపే వార్షిక ప్రణాళికలో ఉండాలి. ప్రభుత్వం బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో మీ గదులు, కరెంటు, కంప్యూటర్ల వివరాలు తప్పుగా పడ్డాయేమో ఇవాళే చూసుకో. పిల్లలు తమ చేతుల్తో పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ మీద ఆశ ఉంటే, దానికిచ్చే 20 లక్షల గ్రాంటు సంగతి తర్వాత, ముందు 1500 చదరపు అడుగుల చోటు కొలువు.

ఇక సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే డబ్బు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టమంటుంది. జనవరి, ఫిబ్రవరిలో కొందరి దగ్గర మిగులు ఉంటుంది, మార్చి 31లోపు తేల్చుకోవాలని చూస్తారు. అప్పటికి నీ చేతిలో మూడు కొటేషన్లు, బడి కమిటీ తీర్మానం, అంతకుముందే వచ్చిన ఒక మంజూరు ఉత్తరం ఉండాలి. ఒకడు ఇచ్చాడంటేనే రెండోవాడు చెయ్యి జేబులో పెడతాడు.

అన్నిటికన్నా జాగ్రత్త లెక్కల దగ్గర. మా బడి యూపీఎస్‌కి సగం గ్రాంటు, సగం దాత ఇచ్చారు. నేను తెలివితక్కువగా మొత్తం బిల్లును ఇద్దరికీ ఇచ్చిన యూసీలకూ, అంటే డబ్బు ఖర్చుపెట్టామని రాసిచ్చే పత్రాలకూ, జతచేశాను. మోసం చెయ్యాలని కాదు, బద్ధకం. ఆడిట్ అభ్యంతరం తేలేదాకా నా పెన్షన్ కాగితాలు ఆగాయి. నువ్వు ఒక వస్తువుకి ఒకే డబ్బు పెట్టు. కంప్యూటర్లు ఒకరివి, బల్లలు ఒకరివి, వైరింగు మరొకరిది. పెళ్లిలో చదివింపుల పుస్తకం రాసినట్టు ఎవరిది వాళ్ల పేరున స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించు. బిల్లు కూడా వేరేగానే తీసుకో, షాపువాడు విసుక్కున్నా సరే.

మరొకటి. మీ పేటకి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు. కింది గది పెద్దదని ల్యాబు అక్కడ పెట్టమంటారు. పెట్టకు. పైగది ఇరుకైనా అక్కడే పెట్టు.

ఖర్చుల కాగితం రాశాక ఆదివారం తీసుకుని రా. ఎర్తింగు బాగా చేసే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఇక్కడ కొత్తపేటలో ఉన్నాడు, కొటేషన్ రాయించి పెడతాను.

మీ మాస్టారు