బైకు ప్రమాదం తర్వాత పొట్ట స్కానింగులో ఏమీ లేకపోయినా ఆసుపత్రిలో ఎందుకు ఉంచుతారు?

మీ తమ్ముడు బైకు మీద నుంచి పడ్డాడనీ, స్కానింగులో ఏమీ లేదంటూనే రాత్రికి ఉంచమంటున్నారనీ, ఇది బిల్లు కోసమేనా అనీ అడిగారు. క్యాజువాలిటీలో పనిచేసే సర్జన్‌గా చెబుతున్నాను, దయచేసి ఉంచండి.

ప్రమాదం జరగగానే చేసే ఆ స్కానింగును ఫాస్ట్ అంటాం. కాలేయం పక్కన, ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే, రక్తం నిండిన మెత్తటి అవయవం) చుట్టూ, పొత్తికడుపులో, గుండె చుట్టూ రక్తం చేరిందా లేదా అన్నదే అందులో చూస్తాం. సుమారు 200 మిల్లీలీటర్లయినా చేరితే తప్ప సాధారణంగా కనబడదు. పేగుకు చిల్లు పడినా, క్లోమం నలిగినా తెలియకపోవచ్చు. రోగి నిలకడగా ఉండి అనుమానం మిగిలితే సీటీ స్కాన్ తీయిస్తాం. రక్తపోటు పడిపోతూ ఫాస్ట్‌లో రక్తం కనబడితే సీటీ కోసం ఆగం, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే తీసుకెళతాం.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. ఎడమ పక్కటెముకల కింద హ్యాండిల్ కొన పొడుచుకున్న గుండ్రటి కమిలిన మచ్చ తప్ప పైకి ఏమీ లేదు. పొట్ట మెత్తగానే ఉంది. ఫాస్ట్ బాగుంది, హిమోగ్లోబిన్ కూడా బాగుంది. రక్తం పోయిన తొలి గంటల్లో హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గదు, దాన్ని చూసి ధీమా పడకూడదు. తెల్లవారుజామున ఎడమ భుజం లాగుతోందన్నాడు. భుజానికి దెబ్బే తగల్లేదు! నాడి 84 నుంచి 118కి పెరిగింది, రక్తపోటు మాత్రం చెక్కుచెదరలేదు. చిట్లిన ప్లీహం నుంచి కారిన రక్తం ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య ఉండే కండర పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. వయసులో ఉన్నవారి శరీరం దాదాపు మూడో వంతు రక్తం పోయేదాకా రక్తపోటును నిలబెట్టుకొస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ముందే పట్టుకున్నాం కనుక ఆపరేషన్ అవసరం లేకుండా, మంచం దిగనివ్వకుండా కనిపెట్టి ఉండి కోలుకున్నాక పంపించాం.

రాత్రంతా వచ్చి అదే పొట్టను మళ్లీ మళ్లీ నొక్కి చూడటాన్ని నేను ఏ యంత్రం కన్నా ఎక్కువ నమ్ముతాను. పేగు చిల్లు లక్షణాలు బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది. మద్యం తాగినవారు, తలకు దెబ్బ తగిలినవారు నొప్పి సరిగా చెప్పలేరు, వారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

డాక్టరు చెప్పేదాకా నీళ్లు కూడా తాగించకండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. ఇంటికి వచ్చాక కూడా, వారం గడిచినా సరే, కడుపునొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా, ఎడమ భుజం నొప్పి పుట్టినా వెంటనే తీసుకెళ్లండి.