తీగ ఉన్న బ్రాతో క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కింద తీగ ఉండే బ్రా వాడతాను. దానివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని, నల్లదైతే ఇంకా ప్రమాదమని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. అప్పట్నుంచీ టెన్షన్. భుజాల మీద గాట్లు పడుతున్నాయి, రొమ్ముల కింద ఎర్రబడి దురద పెడుతోంది. ఇది దాని లక్షణమేనా? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కాదమ్మా. ముందు ఆ మెసేజ్ తీసేయండి. రంగుకీ క్యాన్సర్‌కీ సంబంధమే లేదు. తీగ సంగతి 1995లో అమెరికాలో వచ్చిన ఓ పుస్తకంతో బాగా పాకింది. బ్రా బిగుతుకి, ఒంట్లోని వ్యర్థాల్ని మోసుకెళ్లే లింఫ్ ద్రవం పారకుండా ఆగిపోయి విషాలు పేరుకుంటాయని అందులో రాశారు గానీ, వయసు, బరువు, ఇంట్లో ఎవరికైనా ఉందా అనే అసలు లెక్కలు సరిగా చూడలేదు. 2014లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు నెలసరి ఆగిన 1,500 మందికి పైగా ఆడవాళ్లని, ఏ వయసులో మొదలుపెట్టారు, రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నారు, తీగ ఉందా లేదా అని అడిగి చూస్తే ఏ సంబంధమూ తేలలేదు.

నిజంగా ఒంటిని నలిపిన లోదుస్తులు వేరే ఉన్నాయి. 19వ శతాబ్దపు యూరప్‌లో ఉక్కు పట్టీలు, తిమింగలం నోట్లోంచి తీసిన పట్టీలు పెట్టి కుట్టిన కార్సెట్‌ని వెనక తాళ్లతో బిగిస్తే నడుము సన్నబడేది, ఊపిరి పైపైనే ఆడేది. అప్పటి డాక్టర్లు క్షయతో సహా కనబడిన ప్రతి రోగాన్నీ దాని మీదికి తోశారు, అదీ అతిశయోక్తే. 1914లో న్యూయార్క్ అమ్మాయి మేరీ ఫెల్ప్స్ జేకబ్ రెండు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బను కలిపి కుట్టించుకున్న బ్రాకి పేటెంట్ తీసుకుని, తర్వాత 1,500 డాలర్లకి కార్సెట్ల కంపెనీకే అమ్మేసింది. 1977లో పరిగెత్తే ఆడవాళ్ల కోసం మొదటి స్పోర్ట్స్ బ్రాని మగవాళ్లు ఆటల్లో లోపల వేసుకునే సపోర్టర్లు రెండు కలిపి కుట్టారు. 1990ల్లో ఎత్తుగా నిలబెట్టే వండర్‌బ్రా మోజు, ఇప్పుడేమో తీగ లేని మెత్తటివి కావాలంటున్నారు. మోజు మారుతుంది, రొమ్ము కణాలకి అదేమీ తెలియదు.

మీ గాట్లకి కారణం సైజు. బరువు మోయాల్సింది వీపు చుట్టూ ఉండే పట్టీ, అది వదులైతే భుజాల మీద పడుతుంది. షాపులో మగవాళ్లుంటే నోరు విప్పలేక జాకెట్ కొలత చెప్పి తెచ్చుకునే వాళ్లే ఎక్కువ. ఇంట్లోనే టేపుతో రొమ్ముల కింద ఒకసారి, నిండుగా ఉన్నచోట ఒకసారి కొలవండి. మొదటిది పట్టీ సైజు, రెండింటి తేడాని బట్టి కప్పు: సుమారుగా 1 అంగుళమైతే ఎ, 2 అయితే బి, 3 అయితే సి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కంపెనీని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది.

ఎర్రదనం చాలావరకు చెమటకి పట్టే ఫంగస్సే. మన ఇళ్లల్లో బ్రాని ఎవరికీ కనబడకుండా తువ్వాలు కింద దాచి ఆరేస్తారు, తడి ఆరకుండానే మళ్లీ వేసుకుంటారు. దాన్ని ఎండలోనే వేయండి, ఎవరేమనుకున్నా. రోజూ మార్చండి, నూలుది మంచిది, రాత్రి తీసేస్తే చర్మానికి గాలి తగులుతుంది. ఫంగస్‌ని తగ్గించే క్లోట్రిమజోల్ క్రీము రెండు పూటలా రాసుకోండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం వద్దు, నాలుగు రోజులు తగ్గినట్టుండి రెట్టింపవుతుంది. రెండు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యుల్ని కలవండి, షుగర్ కూడా చూపించుకోండి. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఈ క్రీములు రాస్తూ ఆగకుండా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లండి.