పిల్లి ఉన్న ఇంటికి కుక్కపిల్ల వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల మగపిల్లి ఉంది. ధాన్యం బస్తాల దగ్గర ఎలుకలు చేరకుండా చూసేది అదే. తోట కాపలాకని రెండు నెలల కుక్కపిల్లను తెచ్చి నాలుగు రోజులైంది. అప్పటి నుంచి పిల్లి అటక దిగడం లేదు, సరిగా తినడం లేదు, బస్తాల మీద మూత్రం పోస్తోంది. అలవాటవుతుందని రెంటినీ ఒకచోట కూర్చోబెడితే కుక్కపిల్ల ముక్కు మీద రక్కింది. – ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: ముందు ఒకటి గమనించండి. పిల్లి మూత్రం ధారగా పోస్తోందా, మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కలుగా పోస్తోందా? బెదిరిన మగపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం జరుగుతుంటుంది. చుక్కలుగా పడుతున్నా, అసలు రాకపోయినా ఆ రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. రెండు రోజులు ఆగితే ప్రాణం పోవచ్చు. పూర్తిగా తిండి మానేసి 24 గంటలు దాటినా చూపించండి. పస్తున్న పిల్లికి, అందులోనూ ఒళ్లు చేసినదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది. ఈ రెండూ లేకపోతే మిగిలింది సర్దుబాటు గొడవే.

పిల్లి తన చోటును వాసనతో పోల్చుకుంటుంది. ఇప్పుడు ఇల్లంతా కొత్త వాసన. పైగా కుక్కపిల్ల తోక ఊపుతూ మీదకు ఉరికేది ఆటకే అయినా, పిల్లి మాత్రం ఎక్కువగా చిరాకు, కోపం వచ్చినప్పుడు తోక ఆడిస్తుంది. కాబట్టి నేర్పవలసింది కుక్కపిల్లకు. పిల్లికి చోటు, ఎత్తు, వ్యవధి ఇస్తే చాలు. కుక్కపిల్ల వయసు మీకు కలిసొచ్చింది. మూడు నెలల లోపు పిల్లితో మసలడం అలవాటైన కుక్క పెద్దయ్యాక దాన్ని తరమడం తక్కువ.

మొదటి నాలుగైదు రోజులు ఒకదానికొకటి కనపడకూడదు. కుక్కపిల్లను వసారాలోనో వేరే గదిలోనో ఉంచి తలుపు వేయండి. పాత గుడ్డతో పిల్లి చెంపలు తుడిచి దాన్ని కుక్కపిల్ల పళ్లెం కింద, కుక్కపిల్ల ఒళ్లు తుడిచిన గుడ్డను పిల్లి తినే చోటికి కొంచెం దూరంగా పెట్టండి. పిల్లి ఆ గుడ్డను చూసి బుసకొట్టకుండా తింటుంటే తర్వాతి మెట్టుకు వెళ్లవచ్చు. మూసిన తలుపుకు చెరోవైపు ఆరేడు అడుగుల దూరంలో తిండి పెట్టి, రోజుకు అర అడుగు చొప్పున దగ్గరకు జరపండి. ఏ రోజైనా పిల్లి తినకుండా వెనక్కి తగ్గితే నిన్నటి దూరానికే వెళ్లండి. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ, పని చెడేదీ ఇక్కడే.

ఆ తర్వాతే ముఖాముఖి. కుక్కపిల్లను బాగా ఆడించి అలిసిపోయాక గొలుసు వేసి కూర్చోబెట్టండి. పిల్లిని ఎత్తి పట్టుకోకండి, దాని ఇష్టానికి వదిలేయండి. పూటకు ఐదు పది నిమిషాలు చాలు. కుక్కపిల్ల పిల్లి నుంచి చూపు తిప్పి మీ వైపు చూసిన ప్రతిసారీ చిన్న కోడిమాంసం ముక్క పెట్టండి. ఒళ్లు బిగబట్టి రెప్ప వేయకుండా చూస్తుంటే దూరం తీసుకెళ్లండి. పిల్లి చెవులు వెనక్కి వాల్చినా ఆ పూటకు ఆపేయండి. బుసకొట్టిందని పిల్లిని కొట్టకండి. ఆ దెబ్బ కుక్కపిల్ల వల్లే పడిందనుకుంటుంది. గదిలో నాలుగైదు అడుగుల ఎత్తున ఒక బల్లచెక్క బిగించి పిల్లి తిండి, నీళ్లు అక్కడే పెడితే కుక్కపిల్ల వాటిని దోచుకోలేదు. ఇదంతా మూడు నాలుగు వారాల పని. కొన్ని పిల్లులకు రెండు మూడు నెలలు పడుతుంది.

ఇక బస్తాల సంగతి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బుల్లో రెండు అంగుళాల మందాన సన్న ఇసుక పోసి, కుక్కపిల్లకు అందని రెండు చోట్ల పెట్టండి. కుక్కపిల్లలు పిల్లి మలం తింటాయి. తడిసిన గోనె సంచి మార్చి, ధాన్యం ఆరబోయండి. నేలను ఎంజైములున్న బట్టల సబ్బుపొడి నీళ్లతో కడగండి. ఫినాయిల్ వద్దు, అది పిల్లులకు విషం. తోక నిలబెట్టి వణికిస్తూ గోడకో బస్తా పక్కకో చిమ్ముతుంటే అది గుర్తు వేసుకోవడం. వృషణాలు తీయించకపోయి ఉంటే తీయించండి, చాలావాటిలో ఆ అలవాటు తగ్గుతుంది.

మందుల విషయంలో మరీ జాగ్రత్త. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, అమిట్రాజ్, కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ మందులు పిల్లికి తగిలితే వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. పిల్లి ఉన్న ఇంట్లో కుక్కకు ఏ పిడుదుల మందు వాడాలో డాక్టరునే అడగండి. డీలాగా ఉందని పారాసిటమాల్ అసలే వేయకండి. పిల్లి అటకెక్కింది కదా అని ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడియోలోన్ ఎరలు పెట్టవద్దు. మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ ప్రమాదమే.

కుక్కపిల్లకు ఇప్పుడే పార్వో, డిస్టెంపర్ జబ్బులకు కలిపి వేసే టీకా, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. మూడు నెలల వరకు 15 రోజులకోసారి నట్టల మందు తాగించాలి. పిల్లికీ ఏటా రేబిస్ టీకా ఉండాలి. మధ్యలో మిమ్మల్ని రక్కినా కరిచినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది.

కుక్కపిల్లకు ఆరు నెలలు వచ్చేదాకా, మీరు లేనప్పుడు రెంటినీ ఒకే గదిలో వదలకండి. మూడు నెలలైనా పిల్లి కిందికి దిగకపోతే, కుక్కను తోటలోనే మనుషులు మసలే చోట నీడ, నీళ్లు చూసి పెంచుకోండి. మీరు తెచ్చుకున్నది తోటకే కదా.