చందా కాక ఇంకేం ఇవ్వొచ్చు?

డబ్బు ఇవ్వలేం, చేతనైంది చేస్తాం అంటూ వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టాలని ఉంది. ఎవరిని కలవాలి? శిక్షణ ఏమైనా కావాలా? – విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముందు మీరు ఏ పరీక్షకి సరిపోతారో చూసుకోండి. ఇక్కడ చదువు ఎక్కువైతే పనికిరారు. అభ్యర్థి వెంట తెచ్చుకునే స్క్రైబ్ (అతని తరఫున రాసిపెట్టే మనిషి) చదువు అతని చదువుకన్నా ఒక మెట్టు కింద ఉండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఆ తర్వాత ఈ లెక్క పరీక్షను బట్టి, ఏడాదిని బట్టి మారుతూ వస్తోంది. కాబట్టి ఆ పరీక్ష నోటిఫికేషన్‌లో స్క్రైబ్ గురించి ఏం రాశారో చదివాకే ఒప్పుకోండి. పదో తరగతి పరీక్షకి మామూలుగా తొమ్మిదో తరగతి పిల్లల్ని అడుగుతారు. మీరు పీజీ పరీక్షలకీ, డిగ్రీ అర్హతతో జరిగే ఉద్యోగ పరీక్షలకీ ప్రయత్నించండి. కొన్ని యూనివర్సిటీలు స్క్రైబ్‌ది వేరే సబ్జెక్టు అయి ఉండాలంటాయి. అది కూడా అడగండి.

అంధుల పాఠశాలలు, హాస్టళ్లు, కాలేజీల్లో దివ్యాంగుల వ్యవహారాలు చూసే అధ్యాపకులు స్క్రైబుల జాబితా పెట్టుకుంటారు. మీ పేరు, చదువు, రాయగల భాషలు, ఏ వారాల్లో ఖాళీయో అక్కడ ఇవ్వండి. మీ పరీక్షలూ వాళ్ల పరీక్షలూ ఒకే నెలలో పడుతుంటాయి. మీ టైంటేబుల్ వచ్చేదాకా మాట ఇవ్వకండి. ఒప్పుకున్న స్క్రైబ్ ఆ ఉదయం ఫోన్ ఎత్తకపోవడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నష్టం. అభ్యర్థికి ఏడాది పోతుంది. అదే అర్హత ఉన్న స్నేహితురాలి పేరు ముందే ఇచ్చి ఉంచండి.

గుర్తింపు కార్డు, ఫొటోలు, చదువు సర్టిఫికెట్ నకలు పట్టుకెళ్లాలి. హామీపత్రం మీద ఇద్దరూ సంతకం చెయ్యాలి. అందులో మీ చదువు తప్పుగా రాస్తే తర్వాత శిక్ష పడేది అభ్యర్థికి. గంటకి 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలు నడుస్తుంది. అంతసేపు రాసే ఓపిక మీ చేతికి ఉందో లేదో ఇంట్లో ఒకసారి పరీక్షించుకోండి.

శిక్షణ అక్కర్లేదు, ఆ అభ్యర్థితో కనీసం ఒక పాత పేపరు కలిసి రాయండి. మొదట ప్రశ్నపత్రం అంతా ఒకసారి చదివి వినిపించాలి. ఆపైన ఒక్కో ప్రశ్న రెండుసార్లు. ఆప్షన్లు నాలుగూ ఒకే గొంతుతో చదవాలి. సరైన జవాబు దగ్గర గొంతు మారిందంటే మీరు చెప్పేసినట్టే. తప్పు జవాబు చెప్పినా అదే రాయాలి. ఇంగ్లీషు పేర్లకి స్పెల్లింగ్ అడగండి. గడులు నింపే ఓఎంఆర్ షీటు అయితే ప్రశ్న నంబరు పైకి చదివి, గడి నింపి, మళ్లీ నంబరు చెప్పండి. ఒక వరుస జారితే కింద ఉన్నవన్నీ తప్పులే.

లెక్కల దగ్గర ఎక్కువ దెబ్బ తింటారు. 'రూట్ ఎక్స్ ప్లస్ వన్' అని చదివితే ఒకటి రూట్ లోపల ఉందో బయట ఉందో వినేవాళ్లకు తెలియదు. 'ఎక్స్ ప్లస్ వన్ మొత్తం రూట్ కింద' అనో, 'రూట్ ఎక్స్, రూట్ అయిపోయింది, ప్లస్ వన్' అనో చదవాలి. బ్రాకెట్ ఎక్కడ తెరిచారో ఎక్కడ మూశారో కూడా చెప్పాలి. అరగంటకోసారి టైము చెప్పమంటారా వద్దా అన్నది కూడా ముందే అడిగి పెట్టుకోండి. కొందరికి అది కంగారు.

ప్రశ్న: బీరువా నిండా పాత చీరలు, పిల్లల బట్టలు ఉన్నాయి. దగ్గర్లో ఉన్న ఆశ్రమానికి ఇచ్చేద్దామనుకుంటున్నా. – గృహిణి, తెనాలి

జవాబు: ఇచ్చే ముందు వార్డెన్‌కి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. పాత బట్టల మూటలు చాలా ఆశ్రమాల్లో స్టోర్ రూము నింపుతున్నాయి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, సాయంగా వచ్చిన బట్టలు కట్టుకునేవాళ్లు లేక గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడ వాటిని ఏరి పనికొచ్చేలా చేసిన సంస్థల్లో గూంజ్ ఒకటి. ఆ సంస్థ పాత నూలు బట్టతో శానిటరీ ప్యాడ్లు కూడా కుట్టిస్తుంది. కాబట్టి మెత్తబడిన నూలు చీర వెలిసిపోయినా పారెయ్యకండి. బొంతలకీ, మంచం పట్టిన వాళ్ల కింద వేసే గుడ్డలకీ అంతకన్నా మంచిది దొరకదు.

వృద్ధాశ్రమంలో ఎక్కువగా అడిగేవి నూలు లుంగీలు, ముందువైపు తెరుచుకునే నైటీలు, తువ్వాళ్లు, దుప్పట్లు. జరీ చీరలు, మీ కొలతకి కుట్టిన జాకెట్లు, గాగ్రాలు వద్దు. లోదుస్తులు కొత్తవైతేనే ఇవ్వండి. చీరతో పాటు లంగా పెట్టండి. అది లేకే చాలా చీరలు కట్టకుండా ఉండిపోతాయి. పిల్లల బట్టలు వయసు వారీగా కట్టి పైన చీటీ అంటించండి. ఉతికి, ఎండలో పూర్తిగా ఆరాకే మడవండి. కాస్త తడి ఉన్నా ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. గుండీ ఊడిన చొక్కా అయితే గుండీ కుట్టే పంపండి.

ప్రశ్న: మా కాలేజీలో ఏటా మా నాయకుడి పుట్టినరోజుకి రక్తదాన శిబిరం పెడతాం. ఇంకా ఏం చెయ్యొచ్చు? – యువజన సంఘం సభ్యుడు, గుంటూరు

జవాబు: ఆ ఒక్కరోజు వచ్చే రెండొందల మందిని ఏడాది పొడవునా పంచండి. ఎర్ర కణాలు నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. అందరూ ఒకేరోజు ఇస్తే కొంత వృథా అయ్యే ప్రమాదం ఉంది. కాలేజీలకు సెలవులిచ్చే మే నెలలో మళ్లీ కొరతే. తలసీమియా అనే పుట్టు రక్తవ్యాధి ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్లకి మీ నాయకుడి పుట్టినరోజు దాకా ఆగే వీలు లేదు.

సభ్యుల్ని నెలకు ఇంతమంది అని పన్నెండు జట్లుగా విడదీసి, బ్లడ్ బ్యాంకుతో తేదీలు ఖాయం చేసుకోండి. వయసు 18–65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి మళ్లీ ఇవ్వొచ్చు. పచ్చబొట్టు పొడిపించుకుంటే ఏడాది ఆగాలి. అమ్మాయిలు ఎక్కువగా వెనక్కి వచ్చేది హిమోగ్లోబిన్ దగ్గరే. 'పనికిరావు' అని పంపేయకుండా, డాక్టరుకి చూపించుకుని కొన్నాళ్లకి మళ్లీ రమ్మని చెప్పండి. పరగడుపున ఎవరినీ కూర్చోబెట్టొద్దు, కళ్లు తిరుగుతాయి.

ప్రశ్న: పెళ్లిలో మిగిలిన భోజనం అనాథాశ్రమానికి పంపితే మంచిదే కదా? – ఫంక్షన్ హాలు మేనేజరు, కరీంనగర్

జవాబు: మధ్యాహ్నం రెండింటికి మిగిలింది రాత్రి ఏడింటికి పిల్లల ముందు పెట్టేటట్టయితే పంపకండి. వండిన పదార్థం బయట రెండు గంటలు, మన ఎండల్లో గంట, అంతకన్నా ఉంచకూడదు. లోతైన గంగాళంలో అన్నం పైన చల్లారినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, పులిసేది అక్కడే. వడ్డన బకెట్లలోకి వెళ్లింది వదిలేసి, మూత తియ్యని గిన్నెలే లెక్కలోకి తీసుకోండి. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి అసలు వద్దు. భోజనాలు మొదలవగానే ఎంత మిగలవచ్చో అంచనా వేసి సంస్థకి ఫోన్ చెయ్యాలి, పందిరి విప్పేటప్పుడు కాదు. అన్నిటికన్నా మంచి పద్ధతి, ముందురోజే మాట్లాడి ఆ పూట వాళ్ల వంట ఆపించి, తొలి బంతికన్నా ముందే వాళ్ల వాటా పంపడం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, ఓసీఐ కార్డు ఉంది. ఊళ్లో సంస్థకి డబ్బు పంపబోతే మేం తీసుకోలేం అన్నారు. పాత ల్యాప్‌టాప్‌లు పంపవచ్చా?

జవాబు: వాళ్లు చెప్పింది సరైనదే. ఓసీఐ కార్డు భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది, అంటే మీరిప్పుడు విదేశీ పౌరులు. మీ విరాళం తీసుకోవాలంటే ఆ సంస్థకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టంలో విదేశీ విరాళమంటే డబ్బే కాదు, వస్తువు కూడా. ల్యాప్‌టాప్ పంపినా అదే చిక్కు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకి ఈ ఇబ్బంది లేదు.

మీ సమయం మాత్రం ఆ చట్టంలో వస్తువు కిందికి రాదు. తెలుగు చదవగలిగితే ఇదిగో పని. మన పుస్తకాలు ఎక్కువగా అను ఫాంట్లలో కంపోజ్ అయినవి. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది ఇంగ్లీషు గుర్తులు. చూపులేనివాళ్లకు తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని అర్థంపర్థం లేకుండా చదువుతుంది. కంప్యూటర్ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాక, స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు రాబట్టే ఓసీఆర్ చేశాక, ప్రతి పేజీ మనిషి దిద్దాలి. 'అందం'లో సున్నా బదులు అంకె పడి 'అ0దం' అయితే కంటికి తేడా తెలియదు, రీడర్ మాత్రం నడుమ 'జీరో' అంటుంది. ప-స-వ, ఘ-ఝ తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి. దిద్దిన పేజీని ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ చేత చదివించి వినండి. కన్ను వదిలేసింది చెవి పట్టుకుంటుంది.

కాపీరైటు ఉన్న పుస్తకాన్ని కూడా లాభాపేక్ష లేకుండా దివ్యాంగుల కోసం ఇలా మార్చడానికి 2012 సవరణ వీలిచ్చింది. ఆ ఫైలు వాళ్లకే. వాట్సాప్ గ్రూపుల్లో పంచితే ఆ రక్షణ పోతుంది. కాపీరైటు తీరిన పుస్తకాలైతే తెలుగు వికీసోర్స్‌లో ఇదే దిద్దుబాటు జరుగుతోంది, వారానికి రెండు పేజీలు చేసినా పనికొస్తుంది.

ప్రశ్న: ఆశ్రమానికి పాతిక బస్తాల బియ్యం ఇచ్చాం. 80జి రసీదు ఇవ్వడం లేదు. – వ్యాపారి, నంద్యాల

జవాబు: ఇవ్వకూడదు. ఆ రసీదుతో దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. అందులోనూ రెండు వేలు దాటిన నగదుకి వర్తించదు. బియ్యం అందినట్టు తూకంతో మామూలు రసీదు అడగండి, వాళ్ల స్టాక్ రిజిస్టర్‌కి కూడా అది అవసరం.